క్వార్టర్ అనే మాట

మొన్న ట్యూషన్‌కు వచ్చే పిల్లవాడొకడు స్కూల్లో ఇచ్చిన పని పట్టుకొచ్చాడు. రోజూ నోట్లో నానే ఇంగ్లీషు మాట ఒకటి తీసుకుని, దానికి ఎన్ని అర్థాలున్నాయో, అది ఎక్కడ పుట్టిందో రాసుకురావాలట. వాడు ఎంచుకున్న మాట క్వార్టర్. "ఇంక వేరే మాటే దొరకలేదురా నీకు?" అని కసిరాను. వాడు బిక్కమొహం వేశాడు. పాపం, వాడి తప్పేముంది? వాళ్ళ నాన్నకు పోర్టులో ఉద్యోగం, వాళ్ళుండేది క్వార్టర్లో. కళ్ళెదురుగా ఉన్న మాట రాసుకున్నాడు.

ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. అటక మీంచి పెద్ద డిక్షనరీ దింపి, దుమ్ము దులిపి, వాడితో రాయించాను. లాటిన్‌లో నాలుగోవంతు అనే మాట నుంచి పుట్టిందిరా ఇది. చంద్రుడి నెలలో నాలుగోవంతు, గడియారంలో పావుగంట, ఊళ్ళో ఒక పేట, అన్నీ దాన్నుంచే వచ్చాయి. రాజుకు ఎదురుతిరిగిన వాణ్ణి నాలుగు ముక్కలు చేసి కోట గుమ్మాలకు వేలాడదీయడం కూడా ఈ మాటే. సైనికులను ఊళ్ళో వాళ్ళ ఇళ్ళ మీదికి తోలి, తిండీ పడకా మీరే చూసుకోండి అనడమూ ఇదే. చిట్టచివర ఇంకో అర్థం ఉంది. ఓడిపోయినవాణ్ణి చంపకుండా వదిలేసే దయను కూడా క్వార్టర్ అంటారు. ప్రాణం మిగిల్చినవాడికి ఉండడానికింత చోటివ్వాలి కదా, అందుకని ఆ పేరు వచ్చిందని కొందరంటారు.

"దయ కూడానా టీచర్?" అని పిల్లవాడు ఆశ్చర్యపోయాడు. రాసుకో అన్నాను. వాడు రాసుకుని వెళ్ళిపోయాడు. డిక్షనరీ మూసి కూర్చున్నానే గాని, ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. ఆ మాట నేను మొదట నేర్చుకున్నది పుస్తకంలో కాదు, భిలాయిలో.

మా నాన్నది విజయనగరం పక్కన పల్లె. భిలాయిలో ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో, మనుషులు కావాలి అనే కబురు మా వైపు రైలెక్కి వస్తే, ఆ రైల్లోనే తిరిగి వెళ్ళిన వాళ్ళలో ఆయనొకడు. మొదట్లో రేకుల షెడ్లలో ఉన్నాడు. తర్వాత క్రేను నడపడం నేర్చుకున్నాడు. ఎత్తున గాలిలో చిన్న గదిలో కూర్చుని కింద మనుషుల చేతి సైగలు చూసి బరువులెత్తాలి. చూపు మీద బతికే పని అది. కొన్నాళ్ళకు ప్లాంటు కాలనీలో, సెక్టారు అంటారు, ఇల్లు ఇచ్చారు. అప్పుడు నన్నూ అమ్మనూ తీసుకెళ్ళాడు.

రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న వరండా, దాని వెనక మట్టి పెరడు. పెరట్లో కుళాయి. అమ్మ దుర్గ్‌లో రైలు దిగి, బస్సెక్కి, ఆ ఇంట్లో అడుగుపెట్టి, ముందుగా ఆ కుళాయి తిప్పి చూసింది. నీళ్ళు వచ్చాయి. కట్టేసింది. మళ్ళీ తిప్పింది. "ఓలమ్మో, ఇది మన కోటరేనేటి?" అంది. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ పదిమంది మధ్య ఓ మూల పడుకుని బతికిన మనిషి. తనకంటూ ఒక వంటిల్లు, దానికొక తలుపు, లోపల గడియ. ఆ గడియ ఆవిడ ఎప్పుడూ వేసుకోలేదు గాని ఉందని తెలిసి ఉండడమే ఆవిడకు సంతోషం.

ఆ ఊళ్ళో కోటరంటే మనిషి హోదా. పిల్లనిచ్చేవాళ్ళు జీతమెంత అని అడిగేవారు కాదు, కోటరొచ్చిందా అని అడిగేవారు. "కోటరున్నోడు" అంటే నిలబడ్డ మనిషని, "కోటర్నేనోడు" అంటే కాలనీ బయట ఖుర్సీపార్ బస్తీలో మట్టిగోడలు లేపుకుని వానకు తడుస్తున్నవాడని. ఇళ్ళు వచ్చిన వాళ్ళు కొందరు, వరసలో నిలబడ్డ వాళ్ళు వందలు. అందుకని మా వాళ్ళలో ఒక పద్ధతి పడిపోయింది. ఊరినుంచి కొత్తగా వచ్చినవాడు ఎవడైనా సరే, ముందు మనవాళ్ళ క్వార్టర్లో దిగుతాడు. తన ఇల్లు వచ్చేదాకా అక్కడే ఉంటాడు. అద్దె మాట ఎత్తితే మర్యాద కాదు. ఎన్నాళ్ళుంటావని అడిగితే అంతకంటే మర్యాద కాదు.

అలా వచ్చాడు మా చిన్నాన్న. నాన్నకు సొంత తమ్ముడేం కాదు, వాళ్ళ చిన్నాన్న కొడుకు. ఎర్రగా, నవ్వుమొహంతో ఉండేవాడు. సంచిలో ఎండు నెత్తళ్ళు, చోళ్ళ పిండి తెచ్చాడు. అమ్మ ఆ నెత్తళ్ళు వేయిస్తే ఎదురింటి ఉత్తరాది వాళ్ళు కిటికీలు దబదబా మూసుకున్నారు. మేం నలుగురం పోటీపడి తిన్నాం. నాన్న ఆయన్ను వెంటబెట్టుకుని తిరిగి ప్లాంటులో పని వేయించాడు. ఏడాది తిరిగేసరికి చిన్నాన్న పెళ్ళి చేసుకుని పిన్నిని తెచ్చాడు. ముందు గది వాళ్ళకిచ్చి మేం లోపలి గదిలోకి మారాం. పిన్ని వరండాలో తన సిగిడీ పెట్టుకుంది. సిగిడీ అంటే బొగ్గుల కుంపటి, అక్కడ అందరి నోటా అదే మాట.

ఇక్కడే ఆఫీసుకూ మా వాళ్ళకూ దాగుడుమూతలు. ఇల్లు ఎవరి పేరున ఉందో వాళ్ళే ఉండాలని రూలు. చుట్టాలు వస్తారు పోతారు, వాళ్ళను పట్టుకోలేరు. అందుకని తనిఖీకి వచ్చే బాబు, అంటే ఆఫీసు గుమాస్తా, మనుషులను లెక్కపెట్టేవాడు కాదు, నేరుగా వెనక్కి వచ్చి పొయ్యిలు చూసేవాడు. ఒక ఇంట్లో రెండు సిగిడీలు వెలుగుతుంటే రెండు కాపురాలని అర్థం. ఎంత తెలివైన మనిషి కనిపెట్టాడో గాని, దానికి తిరుగులేదు.

ఇళ్ళ వరస మొదట్లో బాబు సైకిలు కనబడగానే పిల్లలం "ఆయా ఆయా" అని, వచ్చాడు వచ్చాడని అరుచుకుంటూ పరిగెత్తేవాళ్ళం. ఇళ్ళల్లో కలకలం. రెండో సిగిడీని గోనెసంచితో పట్టుకుని వెనక సందులోంచి మైదానంలోకి మోసుకుపోవాలి. మా ఇంట్లో ఆ పని నాది. నీళ్ళు చల్లిన నిప్పుల వాసన, పొగకు దగ్గు, కాళ్ళ మీద పడే బూడిద. మైదానంలో ఇంటింటి రెండో సిగిడీలూ తిరునాళ్ళలోలా వరసగా చేరేవి. మాకు మహా సరదా. దొంగిలించిన ఉల్లిపాయలు, వేరుశెనక్కాయలు ఆ నిప్పుల్లో కాల్చుకుని మూతులు నల్లగా చేసుకునేవాళ్ళం. ఒకసారి త్రైమాసిక పరీక్ష రోజే తనిఖీ వచ్చింది. సిగిడీ మోసి, ఉల్లిపాయ తిని, బూడిద చేతులతో లెక్కల పేపరు రాశాను. ఆ పరీక్షల్ని కూడా క్వార్టర్లీ అనే అనేవారు.

ఓరోజు తప్పించుకోలేకపోయాం. బాబు వెనక గుమ్మంలోంచే వచ్చాడు. వరండాలో పిన్ని రొట్టె కాలుస్తోంది, వంటింట్లో అమ్మ పప్పు ఉడికిస్తోంది. "యే కౌన్ హై?" అన్నాడు చిన్నాన్నను చూపించి, ఇతనెవరని. చుట్టం అంటే సరిపోయేది. నాన్న అలా అనలేదు. చిన్నాన్న భుజం మీద చెయ్యివేసి, "మేరా సగా భాయీ హై సాబ్" అన్నాడు. నా తోడబుట్టినవాడు అని. బాబు ఏదో గొణిగి, సొంత తమ్ముడని రాసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ తర్వాత అడిగింది. "ఊర్నుంచొచ్చిన సుట్టం అనీస్తే పోయేది కాదేటి? సొంత తమ్ముడని ఎందుకు?"

"సుట్టమంటే ఆడి మొహం సూడలేను. ఇంట్లో ఉన్నోడు పరాయోడెలా ఔతాడే?" అన్నాడు నాన్న.

చిన్నాన్న ఆ మాటకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాటకమని నేననను. ఆ సాయంత్రం ఆయన పవర్ హౌస్ బజారుకెళ్ళి నాన్నకు చొక్కా గుడ్డా, నాకు రిబ్బన్లూ తెచ్చాడు. తనకోసం ఒక చిన్న సీసా. దాన్నీ క్వార్టర్ అంటారని నాకప్పుడే తెలిసింది. నాన్న తాగడు. చిన్నాన్న పెరట్లో కూర్చుని తాగి, "మాయన్నయ్య దేవుడు" అని వరసంతా వినబడేలా చెప్పాడు. తర్వాత ఖుర్సీపార్ వైపు ఒంటిగది ఇల్లు ఇస్తామని ఆఫీసు వాళ్ళు పిలిస్తే, అన్నయ్య దగ్గరే బాగుంది, ఆ కొంపకెవడెళ్తాడని వద్దనేశాడు.

మా ఇంటికి కూరలు తెచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడ ఒకతె ఉండేది. అమ్మకు తెలుగు తప్ప రాదు, ఆవిడకు తన మాట తప్ప రాదు, అయినా ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవారు. మన చద్దన్నం లాంటిదే వాళ్ళకూ ఉంది, బాసీ అంటారు. అమ్మ ఆవకాయ ముక్క వేస్తే ఆవిడ మెట్టు మీద కూర్చుని ఆ బాసీ తినేది. ప్లాంటు చిమ్నీల వైపు చెయ్యి చూపించి, అదిగో అక్కడే మా చేను అనేది నవ్వుతూ. అమ్మకు ఆ నవ్వు అర్థమయ్యేది కాదు. నాకూ అప్పుడు అర్థం కాలేదు.

నాన్న చూపు మసకబారడం మొదట ఎవరూ గమనించలేదు. సంతలో చిల్లర తడుముకోవడం, గడపకు తగలడం, అన్నంలో రాళ్ళు ఏరుకోలేకపోవడం. చివరకు ఆసుపత్రిలో పరీక్షచేసి, ఇక క్రేను ఎక్కకూడదన్నారు. కింద పని చేయడానికీ పనికిరాని చూపు అది. ఉద్యోగం ఆగిపోయింది. ఉద్యోగంతోపాటు ఇల్లూ వదిలేయాలి. అమ్మ ఆ మాట విని వంటింట్లోకి వెళ్ళి, మొదటిసారి లోపల గడియ వేసుకుంది. ఏడుపు మాత్రం బయటికి వినబడింది.

దారి చిన్నాన్నే కనిపెట్టాడు. అదే ఇంట్లో ఉంటున్న సొంత తమ్ముడు ప్లాంటులో పని చేస్తుంటే ఇల్లు అతని పేరుకు మారుస్తారట. ఆనాడు బాబు రాసుకుపోయిన మాట ఆఫీసులో ఉండనే ఉంది. "పేరే కదన్నయ్యా మారేది. ఇల్లు మీదే. వదినగారి వంటిల్లు ఎక్కడికి పోతాది?" అన్నాడు. నాన్న పొంగిపోయాడు. పక్కిళ్ళవాళ్ళందరికీ చెప్పుకున్నాడు, కోటరు గడప దాటకుండా మా ఇంట్లోనే ఉండిపోయిందని. ఇలాంటి పొరపాటు మా వాళ్ళే చెయ్యగలరు. మనోడే కదా అన్న మాట ఒకటి దొరికితే చాలు, కళ్ళున్నవాళ్ళు కూడా కళ్ళు మూసుకుంటారు. మా నాన్నకు ఆ కళ్ళూ లేవు.

మొదటి నెల ఏ మార్పూ లేదు. తర్వాత పిన్ని వాళ్ళమ్మ పురిటికని వచ్చింది. పసిపిల్లకు లోపలి గది వెచ్చగా ఉంటుందన్నారు, మేం ముందు గదిలోకి వచ్చాం. ముందు గదిలోకి చిన్నాన్న స్నేహితులు వస్తారన్నారు, మా పక్కలు సాయంత్రం దాకా చుట్టి పెట్టేవాళ్ళం. నాన్న పొద్దుటే గోడ పట్టుకుని బయటికెళ్ళి వీధి మెట్టు మీద కూర్చునేవాడు. ఎవరైనా వస్తే లేచి పక్కకు జరిగేవాడు.

ఒక ఆదివారం అమ్మా నేనూ బజారుకెళ్ళి వచ్చేసరికి వంటింట్లో పిన్ని సిగిడీ ఉంది. అమ్మది వరండాలో ఉంది. అమ్మ సంచి కింద పెట్టకుండా అలాగే నిలబడింది.

"అక్కా, వరండాలో పొగ గదిలోకొచ్చి పిల్లకి దగ్గొస్తన్నాది. నువ్వేటీ అనుకోకు," అంది పిన్ని.

"నానేటి అనుకుంటానమ్మా. ఎక్కడుడికినా అన్నమే," అంది అమ్మ.

ఆ మాట చాలా మామూలుగా అంది. ఆ రాత్రి అన్నం మాత్రం అడుగంటింది. అమ్మ చేతిలో అన్నం అడుగంటడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న ఆ మాడు వాసన పీల్చి, ఏమీ అడగకుండా తినేశాడు. నాకు పిన్ని మీద ఒళ్ళు మండిపోయింది. ఆవిడ దాచుకున్న చేగోడీల డబ్బా ఎత్తుకెళ్ళి మైదానంలో పిల్లలందరికీ పంచిపెట్టాను. అంతకు మించి నా చేతిలో ఏముంది?

కొన్నాళ్ళకు కొత్త బాబు వచ్చాడు. "ఆయా ఆయా" అని అరుపులు వినబడగానే అలవాటుకొద్దీ గోనెసంచి పట్టుకుని వెళ్ళాను. వెళ్ళి, ఆగిపోయాను. పిన్ని వంటింట్లోంచి అరిచింది, "ఏటే గుంటా అలా సూస్తావు? ఆ బైటది బేగి ఎత్తు!" వరండాలో అమ్మ సిగిడీ మీద అన్నం కుతకుతలాడుతోంది. నా చేతులు ముందుకు రాలేదు. అమ్మే లేచింది. నా చేతిలోంచి గోనెసంచి తీసుకుంది, సిగిడీని గిన్నెతో సహా ఎత్తింది. "పద," అంది. నీళ్ళు చల్లలేదు, నిప్పులు ఆర్పలేదు. కొంగు నిప్పుకు తగులుతుందేమోనని నేను పక్కన నడిచాను. వెనక సందు మలుపులో నిలబడ్డాం. ఆ చోటినుంచి మా వీధి మెట్టు కనబడుతుంది, మాటలూ వినబడతాయి.

బాబు ఇంట్లో ఉన్నది ఒక్క పొయ్యి అని చూసుకున్నాడు. తృప్తిపడ్డాడు. పోతూ పోతూ మెట్టు మీద కూర్చున్న నాన్నను చూపించి అడిగాడు, ఈ ముసలాయన ఎవరని.

అన్న అంటే చాలు. ఒక మాట. అంతకుముందే ఆఫీసులో రాసిపెట్టి ఉన్న మాట, తనకు ఇల్లు దక్కించిన మాట. చిన్నాన్న నాన్న వైపు చూడలేదు. "గావ్‌వాలే హై సాబ్. దో దిన్ మే చలే జాయేంగే," అన్నాడు. ఊరివాళ్ళండీ, రెండ్రోజుల్లో వెళ్ళిపోతారు అని.

నాన్న తల తిప్పాడు. చూపు లేని మనిషి మాట వచ్చిన వైపే చూస్తాడు కదా. నేను చిన్నాన్నను ఈనాటికీ క్షమించలేదు. భయపడి అన్నాడేమో, కొత్త బాబు కదా, ఉద్యోగం పోతుందనుకున్నాడేమో అని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అతకలేదు.

అమ్మ ఆ సందు చివర, మైదానం మొదట్లో సిగిడీ దించి, అన్నం పూర్తిగా ఉడికేదాకా కూర్చుంది. ఎండ మాడిపోతోంది. గంజి వార్చింది. నన్ను పంపి నాన్నను చెయ్యిపట్టి తీసుకురమ్మంది. మాకు అక్కడే, నేల మీద వడ్డించింది. అటుగా కూరల బుట్టతో వచ్చిన ఆవిడ మమ్మల్ని చూసి బుట్ట దించేసింది. "కా హోగే బహినీ?" అంది, ఏమైంది చెల్లీ అని. నాన్నే అన్నాడు, తెలుగులోనే అన్నాడు, "రెండ్రోజులన్నాడు గదే. అంతదాకా ఎందుకు? ఈయాలే ఎలిపోదాం."

ఆ కూరలావిడ తన గుడిసె పక్కన ఇంత చోటు చూపించింది. ఖుర్సీపార్‌లో. తన చేను ప్లాంటు కింద పోయిన మనిషి, మాకు చోటిచ్చింది. ఆవిడకు కోటరు లేదు, వస్తుందన్న ఆశా లేదు. మా సామాను తెచ్చుకోవడానికి నేనూ అమ్మా వెళ్ళినప్పుడు చిన్నాన్న ఇంట్లో లేడు. పిన్ని గుమ్మంలో నిలబడి, "అక్కా, కోపమొచ్చిందేటి? ఉండొచ్చు కదా," అంది. అమ్మ కుళాయి కింద కాళ్ళు కడుక్కుని వచ్చేసింది.

ఆ చోట మేం లేపుకున్న రెండు మట్టి గదుల్లో నాన్న మరికొన్నేళ్ళు బతికాడు. ముర్రా, అంటే మరమరాలు, అమ్మ వేయించి ఇస్తే గుమ్మంలో కూర్చుని అమ్మేవాడు. చిన్నాన్న పేరు ఎత్తేవాడు కాదు. నేను చదువుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, పెళ్ళై విశాఖపట్నం వచ్చేశాను. నాతో వచ్చి ఉండమంటే అమ్మ రాలేదు. ఆ రెండు మట్టి గదులూ తనవే, ఎవరూ లెమ్మనరు అంది.

ఇదంతా ఇల్లు పోయిన బాధ అనుకుంటే పొరపాటు. ఇళ్ళు పోతాయి, వస్తాయి. ఒకప్పుడు మా అమ్మ గుమ్మంలో మనిషి కనబడితే చాలు, "కూకో, తిని ఎల్దువు గాని, ఈ పూటకి ఉండిపో" అనేది. రైలు దిగిన ఊరివాళ్ళకు, దారితప్పిన పిల్లలకు, ఎవరికైనా అదే. సిగిడీ ఎత్తుకుని బయటికొచ్చిన రోజునుంచి ఆ మాట ఆవిడ నోట నేను వినలేదు. తన సొంత అన్న వచ్చినా గుమ్మంలోనే ఒక మాట అడిగేది. జవాబు వచ్చాకే దారి ఇచ్చేది.

నా మొదటి బిడ్డను ఎత్తుకుని, మా ఆయనతో పోట్లాడి, ఎవరికీ చెప్పకుండా రైలెక్కి దుర్గ్‌లో దిగాను ఒకసారి. బిడ్డకు రెండు నెలలు. మళ్ళీ మా ఆయన ఇంటికి వెళ్ళకూడదనే బయల్దేరాను. ఖుర్సీపార్ చేరేసరికి మధ్యాహ్నమైంది. అమ్మ తలుపు తీసింది. నన్ను చూసింది, బిడ్డను చూసింది, నా చేతిలో పెట్టె చూసింది. ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. చేతులు బిడ్డకోసం సగం దాకా వచ్చాయి. కానీ గుమ్మానికి అడ్డం తొలగలేదు.

"ఎప్పుడెల్తావు?" అంది.

నేను బిడ్డను ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాను. ఆవిడ మళ్ళీ అడిగింది, ఈసారి బతిమాలుతున్నట్టు. రేపు సాయంత్రం బండికి అన్నాను. అప్పుడు అమ్మ పక్కకు జరిగి, బిడ్డను అందుకుని, అన్నం వండడానికి లోపలికి వెళ్ళింది.